ఓడని జెట్టీల మధ్యాహ్నం

వాడనికోటకు దారి అడిగినవాళ్ళు చాలామంది. వెళ్ళి తిరిగివచ్చి ఆ దారి చెప్పినవాడు ఒక్కడూ లేడు. అయినా గండమజెట్టి బయలుదేరాడు. కూతురు అక్కడ ఉంది. అంతకు మించి కారణం అడిగేవాడు కూతుర్ని కన్నవాడు కాడు.

చిత్రకందర రాజ్యంలో ముష్టియుద్ధం ఆట కాదు, వ్రతం. బరిలోకి దిగే జెట్టి రెండు చేతులకూ నారపట్టీలు చుట్టుకుంటాడు. మణికట్టు దగ్గర ముడి గురువు వేస్తాడు. పోరు ముగిశాక గెలిచినవాడి ముడిని ఓడినవాడే విప్పాలి. విప్పితేనే పోరు అయిపోయినట్టు. అప్పటిదాకా గెలిచినవాడు అన్నం ముట్టడు, ఇల్లు చేరడు.

మంచి ఆచారమే. దాన్ని గర్వం చెడగొట్టింది. ఒంట్లో సత్తువ తగ్గకముందే, ఎవరి చేతిలోనూ ఓడకుండానే బరి విడిచే జెట్టి తన చివరి పోరులో ముడి విప్పనివ్వడం మానేశాడు. పట్టీలను ముడితోనే చేతుల నుంచి లాగేసి, సాముశాల స్తంభానికి తగిలించి వెళ్ళిపోయేవాడు. నన్ను ఓడించేవాడు ఇంకా పుట్టలేదని దాని అర్థం. జనం ఈలలు వేసేవారు. రాజు స్వర్ణకంకణం తొడిగేవాడు. ఆ పోరు ముగియలేదన్న సంగతి ఒక్కడికీ తట్టలేదు.

గండమజెట్టి కూడా అలా తగిలించి వచ్చినవాడే. ఆనాడు అతని ముందు నిలబడగల పిడికిలి సముద్రానికి ఇవతల లేదు. భార్య కామసాని మానెయ్యమంది, మానేశాడు. ఎవరి కోసం మానేశాడో ఆ మనిషిని విషజ్వరం తీసుకుపోయింది. చేతిలో పసిపిల్ల మిగిలింది. ఆ పిల్లే మైలమ.

ఈ వసంతంలో సాముశాల స్తంభానికున్న పట్టీలన్నీ మాయమయ్యాయి. అదే పూట తోటలో ఉయ్యాల ఊగుతున్న మైలమ, ఉయ్యాలతో సహా మాయమైంది. ఆకాశంలో ఉయ్యాల పోతుంటే కొండల్లో గొర్రెలు కాసేవాళ్ళు చూశారు. అది వాడనికోట వైపు పోయిందన్నారు. ఆ కోట నిశ్చలుడిది. దేన్నయినా అది ఉచ్చదశలో ఉన్నప్పుడు పట్టి ఆపేసే విద్య ఆ మాంత్రికుడిది.

గండమజెట్టి జెట్టీలకు నూనె రాసే మర్దనగాడి వేషం వేశాడు. మోకాళ్ళ దాకా పంచె, భుజాన నూనెకుండ. నెరిసిన జుట్టు వేరే తెచ్చుకోనక్కర్లేదు, ఉన్నదే.

కోట సరిహద్దు రాయి దగ్గరికి వచ్చేసరికి పొద్దు అప్పుడే పొడుస్తోంది. రాయి దాటి ఒక్క అడుగు వేశాడు. మిట్టమధ్యాహ్నం! సూర్యుడు నడినెత్తిన మేకు కొట్టినట్టు నిలబడి ఉన్నాడు. కాలి కింద నీడ లేదు. వెనక్కి చూస్తే సరిహద్దు అవతల ఇంకా మంచు కురుస్తోంది.

ఎదుట ఉద్యానవనం. ఆ వనంలో మొగ్గ లేదు, వాడిన పువ్వు లేదు. ప్రతి పువ్వూ రేకులన్నీ విప్పుకుని, విప్పుకున్నది విప్పుకున్నట్టే ఉంది. మామిళ్ళ నిండా పసిడిపండ్లు, నేల మీద ఒక్కటీ లేదు. పింఛం పూర్తిగా పరిచిన నెమలి ఒక కాలు ఎత్తి, ఆ కాలు దించడం మరిచిపోయింది. పాలరాతి చేప నోట్లోంచి చిమ్మిన నీటిధార తాటిచెట్టంత ఎత్తుకు లేచి, అక్కడే గాజుకొమ్మలా ఆగిపోయింది. చూసేందుకు స్వర్గంలా ఉంది. చెవులకు మాత్రం శవం లేచిన ఇల్లులా ఉంది.

బాటకు అడ్డంగా గాలిలో నల్లటి చుక్కలు వేలాడుతున్నాయి. దగ్గరికి వెళ్ళి చూశాడు. తేనెటీగలు. గుంపు మొత్తం కుట్టే ముళ్ళు బయటపెట్టి, ఎగురుతున్నది ఎగురుతున్నట్టే నిలిచి ఉంది. గండమజెట్టి ఊపిరి బిగబట్టి, నేలకు పొట్ట ఆనించి వాటి కింద పాకాడు. సగం దూరం వెళ్ళాక కుండ మూతి ఒక ఈగకు తగిలింది.

జుమ్మంది ఆ ఈగ. పక్కదాన్ని తాకింది. అదీ మేలుకుంది. అది ఇంకోదాన్ని తాకింది. రెప్పపాటులో గుంపంతా నిద్ర లేచింది. గండమజెట్టి లేచి పరుగెత్తాడు. వీపు మీద నిప్పులు చల్లినట్టయింది. చెవి మండింది. ఇక కన్ను పోతుందనగా ఎదురుగా ఆగిపోయిన నీటిధార కనబడింది. భుజం ముందుకు పెట్టి దాంట్లోకి దూకాడు. మనిషి తగలగానే ధార కూడా మేలుకుని, ఎన్నాళ్ళుగానో పడాల్సిన నీళ్ళన్నీ ఒక్కసారిగా నెత్తిన కుమ్మరించింది. ఈగలు కొట్టుకుపోయాయి. గండమజెట్టి దగ్గుతూ లేచేసరికి కోటగుమ్మం ముందే ఉన్నాడు. కుండ పగల్లేదు.

గుమ్మం దగ్గర పొట్టివాడొకడు ఈటెకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. పేరు తుంబడు. వాడు మాత్రం కదులుతున్నాడు.

"ఎవడ్రా నువ్వు? తడిసిన కోడిలా ఉన్నావు."

"మర్దనగాణ్ణి దొరా. జెట్టీలకు నూనె రాయడానికొచ్చా."

"ఎవడు రమ్మన్నాడు? ఇక్కడి జెట్టీలకు నొప్పుల్లేవు, అలుపు లేదు, ఆకలి లేదు. ఆ నూనె నీ నెత్తికే రాసుకుని ఫో!"

"మరి తమకో?"

"నాకేమైంది?"

"చూస్తేనే తెలుస్తోంది దొరా. మెడ పట్టేసింది."

తుంబడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పట్టక చస్తుందా? పొద్దు వాలితే నా కాపలా మారుతుందన్నారు. పొద్దు వాలితేగా! నా పెళ్ళాం నన్ను తిట్టి ఎన్నేళ్ళయిందో కూడా తెలీదు. కాస్త ఇక్కడ, చెవి కింద. అబ్బ! అక్కడే! నువ్వు మర్దనగాడివి కాదయ్యా, దేవుడివి." కళ్ళు మూసుకుని మూలిగాడు. అంతలోనే కళ్ళు తెరిచాడు. "అవునూ, నీ వేళ్ళేంటి సుత్తుల్లా ఉన్నాయి? మర్దనగాళ్ళ చేతులు పూరీపిండిలా ఉంటాయి కదా?"

మెడ పక్కన ఒక నరం ఉంది. గండమజెట్టి దాన్ని బొటనవేలితో నొక్కాడు. తుంబడు ఈటెతో సహా ఒరిగిపోయాడు. నేల తగలకుండా పట్టుకుని, గోడకు ఆనించి కూర్చోబెట్టి, మొల్లోంచి తాళంచెవి తీసుకున్నాడు. వాడి మీద కోపమేమీ లేదు.

లోపల విశాలమైన ముంగిలి. మధ్యలో ఎర్రమట్టి బరి. బరి చుట్టూ జెట్టీలు.

గండమజెట్టి కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. వీళ్ళలో కొందరి పాడె అతను మోశాడు. బేతజెట్టి పోయినప్పుడు ముందువైపు కుడికొమ్ము అతనిదే. పక్షవాతంతో మూడంకె వేసి పడుకున్న బేతజెట్టి శవం ఎంత తేలిగ్గా ఉందో ఆ భుజానికి ఇంకా గుర్తుంది. ఇక్కడ అదే బేతజెట్టి నిండు యవ్వనంలో, నూనె నిగనిగల్లో, కండలు తిరిగి నిలబడి ఉన్నాడు. అందరి మణికట్లకూ ముడి వేసిన పట్టీలు. అందరి చూపూ ఖాళీ బరి మీదే. ఎవరి కాళ్ళ కిందా నీడ లేదు.

బరికి తూర్పున ముంగిలి తెగిపోయి అగాధం మొదలవుతుంది. ఆ అంచున రెండు రాతిస్తంభాలు, వాటి మీద దూలం. దూలానికి కట్టిన ఉయ్యాల అగాధం మీదికి ఎంత దూరం ఊగగలదో అంత దూరం ఊగి, అక్కడే గాలిలో నిలిచిపోయింది. ఉయ్యాల మీద మైలమ. జడ ఇంకా గాలిలోనే ఉంది. నోరు నవ్వుతూ ఉంది. కళ్ళు మాత్రం నవ్వడం లేదు.

"రా, గండమజెట్టీ. నూనె వాసన బాగుంది," అన్నారెవరో.

నిశ్చలుడు మెట్లు దిగి వస్తున్నాడు. అందగాడు. పాతికేళ్ళుంటాయనిపిస్తుంది. రెప్ప ఒక్కసారి కూడా వాల్చడు.

"నా కూతుర్ని దించు," అన్నాడు గండమజెట్టి.

"ఎందుకు దించాలి? ఎక్కినది దిగడమే కదా ఈ లోకానికి పట్టిన రోగం. నువ్వు దిగలేదు. పై మెట్టు మీద ఉండగానే వెళ్ళిపోయావు. అందుకే నువ్వంటే నాకు గౌరవం. పట్టీలు మీ స్తంభానికి వేలాడిన నాటి నుంచీ మీ పిడికిళ్ళ బలమే ఈ సూర్యుణ్ణి పట్టి ఆపుతోంది. అయితే చిన్న చిక్కు. వీళ్ళంతా చచ్చారు. నువ్వొక్కడివే బతికి ఉన్నావు. నువ్వు ముసలివాడివవుతున్న కొద్దీ నా మధ్యాహ్నం వణుకుతోంది. అందుకే పట్టీలన్నీ ఇక్కడికే తెప్పించుకున్నాను."

"అయితే నన్ను చంపు. పిల్ల జోలికెందుకొచ్చావు?"

"నా చేతికి మట్టి అంటించుకోను. బరిలోకి దిగు. గెలిస్తే ఉయ్యాల దిగుతుంది. ఓడితే నువ్వూ ఈ వరుసలో నిలబడతావు. పోరు ఎవరితోనో తెలుసుగా?"

తెలుసు. వరుసలోంచి ఒక యువకుడు బరిలోకి దూకాడు. ఆ నడకను గండమజెట్టి గుర్తుపట్టాడు. ఆ భుజం, ఆ తల వంపు, కుడిబుగ్గ మీద ఆ గాటు. అద్దంలో చూసి ఎన్నో ఏళ్ళయిన ముఖం.

"ఏం తాతా, నాతో నువ్వా?" అన్నాడు యువకుడు నవ్వుతూ. "వేరే ఎవరూ దొరకలేదా వీళ్ళకి? సరే, మెల్లిగానే కొడతాలే."

మెల్లిగా కొట్టలేదు. మొదటి గుద్దుకే గండమజెట్టి పక్కటెముక ఒకటి పలికింది. రెండోది గాలిని చీల్చుకుంటూ చెవి పక్కనుంచి పోయింది. ముసలాయన వంగాడు, జరిగాడు, తిరిగాడు. వాడి కాళ్ళు లేడికాళ్ళు. ఇతని మోకాళ్ళు తలుపు బందుల్లా కిరకిరమంటున్నాయి. అయితే ఒక సంగతి ఇతనికొక్కడికే తెలుసు. కుడిచెయ్యి విసిరే ముందు వాడు ఎడమ మోచెయ్యి కాస్త దించుతాడు. గురువులకు కూడా దొరకని ఆ లోపాన్ని కనిపెట్టినది కామసాని.

మోచెయ్యి దిగింది. గండమజెట్టి పిడికిలి ఎడమ డొక్కలో దిగబడింది. ఏనుగైనా కూర్చోవలసిన దెబ్బ. యువకుడు ఒక మోకాలి మీద కూలాడు. డొక్క మీద నీలంగా కమిలింది. చూస్తుండగానే ఆ కమిలిన మచ్చ చెరిపేసినట్టు పోయింది. వాడు లేచాడు.

"మంచి దెబ్బే తాతా!"

మళ్ళీ కొట్టాడు. మళ్ళీ మచ్చ పోయింది. ఇంకోసారి దవడ మీద కొట్టాడు. దవడ పక్కకు జరిగి, తిరిగి చోటుకు వచ్చింది. గండమజెట్టి చేతి ఎముకే విరిగింది. ఉచ్చదశలో ఆగినదాన్ని కిందికి దించడం ఎవరి తరమూ కాదు. నిశ్చలుడి పందెంలో గెలుపు అనేదే లేదు.

"తొందరగా పడిపో తాతా," అన్నాడు యువకుడు గుద్దుతూనే. వాడి గొంతులో ఇప్పుడు నవ్వు లేదు. "ఇదే నా ఆఖరి పోరు. మానేస్తానని ఇంటిదానికి మాటిచ్చా. ముద్దపప్పు వండి గుమ్మంలో కూర్చుంటానంది. వెళ్దామంటే ఇది తెమలదు. ఎప్పట్నించో తెమలదు. ఎంత పొద్దయిందో చూద్దామంటే ఈ సూర్యుడు కదలడు."

ఆమె లేదురా అన్న మాట గండమజెట్టి నాలుక మీదికి వచ్చింది. ఆ మాట అంటే వాడు నిలువునా కూలేవాడేమో. కానీ ఎదుటివాడి కళ్ళల్లో ఇసక చల్లి గెలిచే అలవాటు అతనికి లేదు. మాటను నెత్తుటితో పాటు మింగేశాడు. మింగుతుంటే అర్థమైంది. వీడి పోరు ముగియలేదు. ముగించనిది ఎవరో కాదు, తనే.

చేతులు దించేశాడు.

యువకుడి కుడిచెయ్యి వచ్చి కణతకు తగిలింది. ఆకాశం తిరగబడింది. గండమజెట్టి వెన్ను మట్టికి తగిలింది. పుట్టి బుద్ధెరిగాక అతని వెన్ను బరి మట్టికి తగలడం అదే మొదటిసారి. మట్టి వేడిగా ఉంది.

నిశ్చలుడు చప్పట్లు కొట్టాడు. "అయిపోయింది. లేచి వరుసలో నిలబడు."

"ఉండు," అన్నాడు గండమజెట్టి. "ఓడినవాడి పని ఒకటి మిగిలింది."

మోకాళ్ళ మీద పాకి యువకుడి దగ్గరికి వెళ్ళాడు. "చెయ్యి ఇలా తే." వేళ్ళు విరిగి ఉన్నాయి. పళ్ళతో ముడి లాగాడు. ఏళ్ళ తరబడి బిగిసిన నార నోటికి తీపిగా, చమటతో ఉప్పగా ఉంది. ఒక చేతి ముడి విడింది. రెండోదీ విడింది. పట్టీలు జారి పడ్డాయి.

యువకుడు మణికట్లు రుద్దుకుంటూ ఊపిరి పీల్చుకున్నాడు. "బాగా కొట్లాడావు తాతా. ఏ ఊరు మీది?"

"మీ ఊరే."

"ఎప్పుడూ చూళ్ళేదే!"

"చూస్తావులే. ఇంటికి పో. పప్పు చల్లారిపోతుంది."

వాడు నవ్వి, గుమ్మం వైపు పరుగెత్తాడు. మట్టిలో అడుగుల గుర్తులు గుమ్మం దాకా పడలేదు. సగంలోనే ఆగిపోయాయి. ఆ తర్వాత అక్కడ ఎవరూ లేరు.

గండమజెట్టి కాలి దగ్గర గోటి అంచంత నీడ పడింది. సూర్యుడు కదిలాడు.

"ఏం చేశావురా?" అని కేక వేశాడు నిశ్చలుడు. పాతికేళ్ళ నుదుటి మీద పెద్ద ముడత ఒకటి పడింది. వాడు కత్తి దూసి ఉయ్యాల స్తంభాల దగ్గరికి పరుగెత్తాడు. "ఈ మధ్యాహ్నం ఉన్నంతసేపే నీ కూతురు గాలిలో ఉంటుంది. నువ్వే దాన్ని చంపుకో!" ఒక తాడు పుటుక్కున కోశాడు. రెండోది సగం కోశాడు. అప్పటికే వాడి చెయ్యి ముసలిదై వణుకుతోంది. కత్తి జారి అగాధంలో పడింది. అది అడుగు చేరిన చప్పుడు వినబడలేదు. నిశ్చలుడు గోడలు పట్టుకుని నడుస్తూ బురుజులోకి పోయి తలుపు వేసుకున్నాడు. మంత్రం మొదలైంది. గండమజెట్టి కాలి దగ్గర నీడ మళ్ళీ సన్నబడసాగింది.

"నాన్నా!" అంది మైలమ గాలిలోంచి. "కాళ్ళూ చేతులూ రావట్లేదు. నోరొక్కటే వచ్చింది."

"నీకు ముందొచ్చేది అదేగా. తాడు గట్టిగా పట్టుకో."

"పట్టుకునే ఉన్నా. వదలమన్నా వదల్లేను, వేళ్ళు కదిలితేగా! ఈ ఒక్క తాడూ పోగులు తెగుతోంది నాన్నా, చప్పుడు చెవులకు తెలుస్తోంది."

గండమజెట్టి స్తంభాల వైపు చూశాడు. మధ్యాహ్నం పూర్తిగా విడిపోతే ఉయ్యాల ఒక్క ఊపున అంచుకు వస్తుంది. ఆ తాడు అంచు దాకా ఓర్చుకుంటే గొప్ప. ఆ క్షణాన అంచున ఎవరైనా ఉండి పిల్లను అందుకోవాలి. విడిపోకుండా నీడ మళ్ళీ మాయమైతే, నిశ్చలుడి చెయ్యి మళ్ళీ పాతికేళ్ళదవుతుంది.

"గండమా." బేతజెట్టి మాట్లాడాడు. వరుస అంతా ఇటు తిరిగింది. నీడలేని ఆ మనుషులందరూ చేతులు ముందుకు చాచారు. "వాడు ఇంటికి పోయాడు. మేమూ పోతాం. మా ముడులు?"

"తే బేతన్నా, అందరివీ విప్పుతా." అతని చెయ్యి అందుకుని ముడి పళ్ళతో పట్టి లాగాడు. ఇనుములా ఉంది. కదల్లేదు.

"ఊరికే విడదు. ఓడినవాడు విప్పాలి."

"ఓడాననే కదా అంటున్నా!"

"నా చేతిలో ఓడలేదుగా," అన్నాడు బేతజెట్టి. అతని కళ్ళల్లో జాలి ఉంది. పిడికిళ్ళు మాత్రం అప్పటికే బిగుసుకున్నాయి.

గండమజెట్టి వరుసను ఒకసారి చివరిదాకా చూశాడు. అంతా ఉచ్చదశలో ఉన్నవాళ్ళే. ఒక్కొక్కడూ ఒక్కో కాలంలో రాజ్యాన్ని గడగడలాడించినవాడు. వీళ్ళందరి చేతుల్లోనూ నిజంగా దెబ్బతిని పడాలి. పడ్డ ప్రతిసారీ లేవాలి. చివరివాడి ముడి విడేటప్పటికి ప్రాణంతో, అంచున ఉండాలి. అంతదాకా నడిచే సత్తువ మిగలదు.

బరిలో జరిగి, వీపు అగాధం వైపు పెట్టి నిలబడ్డాడు.

"బేతన్నా, నీ కుడిచేతి దెబ్బకు మనిషి ఎంత దూరం పడతాడు?"

"నీలాంటి బక్కోడైతే రెండు బారలు."

"ఆ స్తంభాల వైపు పడెయ్యి. తర్వాతివాడు అక్కణ్ణుంచి ఎత్తుకుంటాడు. అలా మీరే నన్ను అంచు దాకా మోసుకుపోండి. నీ పాడె నేను మోశాను, గుర్తుంచుకో. ఆఖరివాడికి మాత్రం చెప్పు, కాస్త చూసి కొట్టమని. జానెడు ఎక్కువైతే నేనూ ఉండను, పిల్లా ఉండదు."

"ఆఖరివాడు ఏకాంగజెట్టి. వాడికి చూసి కొట్టడం రాదు గండమా."

"అక్కడికి చేరాక చూద్దాం. కానియ్."

బేతజెట్టి కుడిచెయ్యి వెనక్కి లాగాడు. మైలమ కళ్ళు మూసుకుందామనుకుంది. రెప్పలింకా రాలేదు. తండ్రి రొమ్ము మీద ఆ పిడికిలి దిగడం, అతను గాలిలో లేచి రెండు బారల అవతల వెల్లకిలా పడడం, అంతా చూసింది. బేతజెట్టి పరుగున వచ్చి అతని నోటి దగ్గర మణికట్లు రెండూ పెట్టాడు. ముడి విడింది. బేతజెట్టి ఉన్నచోట ఎర్రటి దుమ్ము మాత్రం మిగిలింది. నీడ మళ్ళీ వేలెడయింది. ఉయ్యాల ఒక మూరెడు ఇటు జరిగింది. తాడులో ఒక పోగు టపుక్కున తెగింది.

గండమజెట్టి ఊడిన పన్ను ఉమ్మేసి, మోచేతుల మీద లేచి, మోకాళ్ళ మీద లేచి, నిలబడ్డాడు. వీపు అంచు వైపే ఉంది.

"తర్వాత ఎవర్రా?" అన్నాడు.